రెండో జత చక్రాలు ఎవరికి అవసరం?

సైకిలు మీద ఉద్యోగానికి వెళ్లేవాళ్లు రెండో జత చక్రాలు పెట్టుకోవాలా అంటే, ముందు ఆ సైకిలుకి ఏ బ్రేకులున్నాయో చూడాలి. రిమ్మును పట్టే బ్రేకులైతే రెండు జతల రిమ్ములూ ఒకే కొలతలో, ఇంచుమించు ఒకే వెడల్పులో ఉండాలి. లేదంటే చక్రం మార్చినప్పుడల్లా బ్రేకు రబ్బర్లు సరిచేసుకుంటూ కూర్చోవాలి. డిస్క్ బ్రేకులకి ఆ బాధ లేదు. ఫ్రేములో చోటుంటే 700సి చక్రాలు తీసి, వాటికంటే చిన్నవైన 650బి చక్రాలకి లావు టైర్లు వేసి ఎక్కించవచ్చు. ఈ పేర్లకి తికమకపడకండి, టైరు పక్కన అచ్చయిన అంకెలు చూడండి. 28-622 అంటే టైరు వెడల్పు 28 మి.మీ., అది రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం 622 మి.మీ. అదే 650బికి 584.

ఉద్యోగస్తులకి రెండో జతవల్ల అసలు లాభం వేగం కాదు, సమయం. బయల్దేరే వేళకి పల్లేరుకాయ గుచ్చుకుని గాలంతా పోయి ఉంటే, చక్రం మార్చుకుని డ్యూటీకి వెళ్లిపోవచ్చు. పంక్చరు సంగతి సాయంత్రం తీరిగ్గా చూసుకోవచ్చు.

రోజువారీ జతకి 35 మి.మీ. పైబడిన, ముళ్లని ఆపే పొర ఉన్న టైర్లు వేయించండి. అవి బరువే, అయినా ల్యాప్‌టాప్ బ్యాగుతో ఎవరూ పందేలకు వెళ్లరు కదా! రెండో జత మీ ఆదివారాన్ని బట్టి ఉంటుంది. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన, సోలార్ కప్పున్న 23 కి.మీ. సైకిల్ ట్రాక్‌కి 28 మి.మీ. నున్నటి టైర్లు హాయిగా ఉంటాయి. వికారాబాద్ దగ్గరి అనంతగిరి మట్టిదారులకైతే గుబ్బల టైర్లు. వానాకాలమంతా గుబ్బలవే మేలనుకుంటారు చాలామంది. కానీ తడి తారురోడ్డు మీద నున్నటి రబ్బరే బాగా పట్టుకుంటుంది, గాలి కాస్త తగ్గిస్తే చాలు. గుబ్బలు మట్టిలో, బురదలోనే పనికొస్తాయి.

కొనేటప్పుడు ఇరుసు, హబ్బు, డిస్కు సైజు రెండు జతలకీ ఒకటే ఉండేలా చూసుకోండి. హబ్బు మోడల్ మారితే డిస్కు వెంట్రుకవాసి పక్కకి జరిగి బ్రేకుకి రాసుకుంటుంది. పల్చటి వాషరు వేయిస్తే సర్దుకుంటుంది. వెనక చక్రానికి విడిగా క్యాసెట్ (గేర్ల పళ్లచక్రాల గుత్తి) కొనండి, గేర్ల సంఖ్య పాతదానితో సమానంగా ఉండాలి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతినేది: అరిగిన చైను కొత్త క్యాసెట్ మీద గట్టిగా తొక్కగానే జారుతుంది. అందుకే చైను మార్చే సమయానికే రెండో జత అమర్చుకోవాలి. తర్వాత రెండు జతల్నీ మారుస్తూ వాడితే క్యాసెట్లు ఇంచుమించు సమానంగా అరుగుతాయి.

ఖరీదైన చక్రాలు వచ్చాయని సైకిలుతో వచ్చిన పాతవి అమ్మేయకండి. బెండు తీయించి, బేరింగులకి గ్రీజు పెట్టిస్తే ఆఫీసు జత అవే. వాడని జతని గోడకి వేలాడదీయండి. డిస్కుకి చైను నూనె తగిలితే బ్రేకు పట్టు తప్పుతుంది. చక్రం తీసి ఉన్నప్పుడు హైడ్రాలిక్ బ్రేకు నొక్కకండి, లోపలి ప్యాడ్లు దగ్గరకొచ్చి మళ్లీ చక్రం దూరదు. ఎక్కించాక ఇరుసు బిగువు, బ్రేకు పట్టు చూసుకోనిదే రోడ్డెక్కకండి.

ఇరుసు నట్లతో బిగించే మామూలు సైకిలుకీ, ఏడాది పొడవునా ఒకే తారురోడ్డు మీద తిరిగేవాళ్లకీ మాత్రం ఇదంతా దండగ ఖర్చు. అలాంటివాళ్లు మంచి టైర్లు, ఓ స్పేరు ట్యూబు, చేతి పంపు కొనుక్కుంటే సరిపోతుంది.