డ్రైవరు తొలగిన కంప్యూటరుకు వైఫై పునరుద్ధరణ

పావగడ తాలూకా నాగలమడికలో ఇంట తెలుగు, కచేరీలో కన్నడం వినిపిస్తాయి. అక్కడి నుండి నగరానికి వలస వచ్చిన కుటుంబం ఊరి పొలం పహణిని కర్ణాటక ప్రభుత్వపు ‘భూమి’ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. అయితే ఇంటి కంప్యూటరుకు ఇంటర్నెట్ అందకపోతే ఆ సదుపాయం నిరుపయోగమవుతుంది. వైఫై సరిగా పనిచేయడం లేదని దాని డ్రైవరును తొలగించినవారికి ఈ ఇబ్బంది ఎదురవుతుంది.

డ్రైవరు అనునది వైఫై పరికరానికి, విండోస్‌కు నడుమ దుభాషి వంటిది. దుభాషి లేచి వెళ్లినంత మాత్రాన పరికరం చెడిపోయినట్లు కాదు; దుభాషిని తిరిగి కూర్చోబెడితే చాలు. కనుక కొత్త పరికరం కొనడానికి తొందరపడరాదు.

మొదటి మెట్టు: కంప్యూటరును రీస్టార్ట్ చేయాలి. ఫలితం లేకపోతే డివైస్ మేనేజర్ తెరచి, ‘యాక్షన్’ మెనూలో ‘స్కాన్ ఫర్ హార్డ్‌వేర్ ఛేంజెస్’ ఎంచుకోవాలి. తొలగించేటప్పుడు డ్రైవరు ఫైళ్లను కూడా తీసివేసే గడిలో టిక్కు పెట్టకపోయి ఉంటే, విండోస్ తన వద్ద దాచిన ప్రతిని సాధారణంగా తానే తిరిగి అమర్చుకుంటుంది.

రెండవ మెట్టు: ఫైళ్లు కూడా పోయి ఉంటే డ్రైవరు కోసం ఇంటర్నెట్, ఇంటర్నెట్ కోసం డ్రైవరు కావలసి వస్తుంది. ఈ చిక్కుముడిని ఆండ్రాయిడ్ ఫోను విప్పగలదు. ఫోనును డేటా కేబులుతో కంప్యూటరుకు కలిపి, ఫోను సెట్టింగ్స్‌లో ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేయాలి. వైఫై హాట్‌స్పాట్ ఇక్కడ పనికిరాదు. దానిని అందుకోవడానికీ వైఫైయే కావాలి. ఆపై విండోస్ అప్‌డేట్‌లోని ‘ఆప్షనల్ అప్‌డేట్స్’లో వైఫై డ్రైవరు ఉన్నదేమో చూడాలి.

మూడవ మెట్టు: అక్కడ లభించకపోతే కంప్యూటరు తయారీ సంస్థ అధికారిక వెబ్‌సైటులో మోడలు పేరుతో వెదకాలి. టెథరింగ్‌కు వీలులేనివారు డ్రైవరును మరొక కంప్యూటరులో డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవులో తెచ్చుకోవచ్చు. పరికరం ఎవరిదో తెలియకపోతే, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో కనిపించే ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ ప్రాపర్టీస్ తెరచి, ‘డీటెయిల్స్’లో ‘హార్డ్‌వేర్ ఐడీస్’ చూడాలి. అందులో తయారీదారు సంఖ్య 8086 అయితే అది ఇంటెల్ పరికరం.

డ్రైవరు ఉచితంగా లభించే వస్తువు. దానికై రుసుము కోరే అపరిచిత సైట్లను, ఓటీపీ అడిగే ‘సాంకేతిక సహాయకులను’ నమ్మరాదు. మోసపోయి సొమ్ము కోల్పోయినవారు వెంటనే 1930కు ఫోను చేయాలి.

వైఫై తిరిగి వచ్చిన పిమ్మట అదే డ్రైవరు ప్రతిని పెన్‌డ్రైవులో భద్రపరచుకోవడం మేలు. మరొకమారు అవసరమైతే ఇంటర్నెట్ లేకుండానే పని జరుగుతుంది.