కాళ్ళు ఆగలేదు



బతుకమ్మ ఆడేటప్పుడు చప్పట్లు కొట్టకుండా ఉండగలమా? కోలాటం దరువు వినబడితే కాళ్ళు వాటంతట అవే కదులుతాయి. మరి పాట కచేరికి వచ్చి కదలకుండా కూర్చోవాల్సి వస్తే? చైనా దేశంలో ఒకసారి అట్లాగే జరిగింది. ఆ సంగతి చదువుదాం.

ఇద్దరు స్నేహితులు

ఇంగ్లండులో ఒక బడి. తరగతిలోకి ఒక కొత్త పిల్లవాడు వచ్చాడు. "ఇతన్ని ఎవరు చూసుకుంటారు?" అని టీచరు అడిగారు. ఒక పిల్లవాడు చెయ్యెత్తాడు. కొత్త పిల్లవాడి పేరు జార్జి మైకేల్. చెయ్యెత్తినవాడు ఆండ్రూ రిడ్జిలీ. జార్జి తండ్రి సైప్రస్ అనే దీవి నుంచి ఇంగ్లండుకు బతుకుతెరువు కోసం వచ్చినవాడు.

ఇద్దరికీ పాటలంటే ప్రాణం. 1981లో 'వామ్' అనే పేరుతో జట్టు కట్టారు. వాళ్ళవి హుషారు పాటలు. ఇట్లాంటి వాటిని పాప్ పాటలు అంటారు.

బీజింగ్‌లో ఆదివారం

చైనాలో 1966 నుంచి 1976 దాకా 'సాంస్కృతిక విప్లవం' నడిచింది. ఆ రోజుల్లో ప్రభుత్వం ఒప్పుకున్న పాటలే పాడాలి. విదేశీ పాటలు వింటే తప్పు. తర్వాత కట్టుబాట్లు మెల్లగా సడలాయి. వామ్ జట్టు మేనేజరు చైనా అధికారుల చుట్టూ ఏడాదికి పైగా తిరిగాడు. చివరికి అనుమతి దొరికింది.

1985 ఏప్రిల్ 7, ఆదివారం. బీజింగ్ నగరంలో వర్కర్స్ జిమ్నాసియం అనే పెద్ద హాలు. 1961లో ప్రపంచ టేబుల్ టెన్నిస్ పోటీల కోసం దాన్ని కట్టారు. ఆ రోజు వేల మంది వచ్చారు. పాశ్చాత్య పాప్ జట్టు చైనాలో పాడడం అదే మొదటిసారి. జార్జికి 21 ఏళ్ళు. ఆండ్రూకు 22.

జనం కూర్చునే ఉండాలి, లేచి ఆడకూడదు అని ముందే చెప్పారు. పోలీసులు కాపలా ఉన్నారు.

జార్జి చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టాడు. 'నాతోపాటు తాళం వేయండి' అని అతని ఉద్దేశం. జనానికి అది తెలియలేదు. తనను మెచ్చుకోమంటున్నాడు అనుకున్నారు. మర్యాదగా చప్పట్లు కొట్టారు, ఆపేశారు.

మరి వాళ్ళకు పాట నచ్చలేదా? నచ్చింది. సభ నడిపిన చైనా ఆవిడ చాలా ఏళ్ళ తర్వాత ఆ సంగతి చెప్పింది. పడుచువాళ్ళు ఆశ్చర్యపోయారట. అందరి కాళ్ళూ కింద తాళం వేస్తూనే ఉన్నాయట!

చెంగ్ ఫాంగ్‌యువాన్ అనే గాయని వామ్ పాటల్ని చైనా భాషలో పాడింది. అవి క్యాసెట్టుగా వచ్చాయి. ఆ పాటలు అట్లా ఇళ్ళకు చేరాయి.

1986 జూన్ 28, శనివారం. లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో వామ్ చివరి కచేరి. 72,000 మంది వచ్చారు. జట్టు ముగిసినా స్నేహం పోలేదు. జార్జి 2016 డిసెంబరు 25న చనిపోయాడు.

మన మాట

ఈ పాఠం చదివి వినిపిస్తే ఒక అక్క ఇట్లా అంది:

"మొదటి రోజు రాత్రి బడికి వచ్చినప్పుడు నేనూ అట్లనే బిగుసుకొని కూసున్న టీచరమ్మా. లోపల చదవాలని ఉంది. నోరు తెరిస్తే ఎవరేమంటారో అని భయం."

ఇంకో పెద్దమ్మ అంది:

"తాళం ఎట్లెయ్యాల్నో వాళ్ళకు ఎవరూ చెప్పలే. చెప్పకుంటే ఎట్ల తెలుస్తది?"

నిజమే. తెలియకపోవడం తప్పు కాదు. ఒకరు చెయ్యెత్తి 'నేను చూసుకుంటా' అంటే చాలు. మీ కేంద్రానికి కొత్తగా ఎవరైనా వస్తే మీరు చెయ్యెత్తండి.

కొత్త మాటలు

కచేరి = పాటల సభ
అనుమతి = ఒప్పుకోవడం
పాశ్చాత్య = పడమటి దేశాల

జవాబులు చెప్పండి

1. కొత్త పిల్లవాడి కోసం చెయ్యెత్తింది ఎవరు?
2. జార్జి చప్పట్లు ఎందుకు కొట్టాడు? జనం ఏమనుకున్నారు?
3. లెక్క చేయండి: 1981లో కట్టిన జట్టు 1986లో ముగిసింది. ఎన్నేళ్ళు నడిచింది?

చేసి చూడండి

పట్నంలో పాటల సభకు, సినిమాకు వెళ్తే టికెట్టు మీరే చదవండి. తేదీ, సమయం, సీటు నంబరు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపండి. చూసి వచ్చాక మీకు నచ్చిన సంగతి రెండు వాక్యాలు రాయండి.