ఏటికెదురీదు చేపలు

గోదావరీ తీరవాసులకు పులస చేపను గూర్చి ప్రత్యేకముగా చెప్పనక్కరలేదు. సముద్రములో నున్నంతకాలము ఇలసయని పిలువబడు ఈ చేప, వానకాలమున ఎఱ్ఱనీరు రాగానే ఉప్పునీటిని విడిచి, గ్రుడ్లు పెట్టుటకై నదిలో ఎదురీదుచు పైకి వచ్చును. 1852వ సంవత్సరమున పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట కరవు సీమను అన్నపూర్ణగా మార్చినది. ఆ ఆనకట్టయే పులస ప్రయాణమునకు అడ్డుగోడ కూడ నైనది. పైరుకు నీరు కావలెను. చేపకు దారి కావలెను. నదులకు అడ్డుకట్టలు కట్టిన దేశము లనేకములలో ఈ చిక్కు కలదు. అమెరికా దేశమున సాక్రమెంటో నదిపై దీనిని విప్పుటకు దాదాపు ఏబది సంవత్సరములు పట్టినది.

సాక్రమెంటో కాలిఫోర్నియా రాష్ట్రములోని నదులలో పెద్దది. అది ఉత్తరమున షాస్టా పర్వత ప్రాంతమున పుట్టి, దక్షిణముగా పాఱి, సాన్ ఫ్రాన్సిస్కో అఖాతము ద్వారా పసిఫిక్ మహాసముద్రమును చేరుచున్నది. ఈ నదిలో చినూక్ సాల్మన్ అను చేప కలదు. అది నదిలో పుట్టి, సముద్రములో పెరిగి, కొన్ని యేండ్లకు తాను పుట్టిన నదికే తిరిగి వచ్చును. నదిలో ప్రవేశించిన పిమ్మట అది ఆహారము ముట్టదు. ఒడలిలో దాచుకొన్న క్రొవ్వు బలముతోనే వందలకొలది మైళ్లు ఎదురీది, గ్రుడ్లు పెట్టి మరణించును. జన్మమునకు ఒకే ప్రయాణము. అది విఫలమైనచో ఆ చేపకు సంతానము లేదు.

ఈ సాల్మన్ చేపలలో ఒక తెగ శీతకాలమున నదిలో ప్రవేశించి, వేసవిలో గ్రుడ్లు పెట్టును. ఈ శీతకాలపు తెగ ప్రపంచమున సాక్రమెంటో నదిలో తప్ప మఱెక్కడను లేదు. దాని గ్రుడ్లు చల్లని నీటిలోనే బ్రదుకును. నీరు వేడెక్కినచో అవి చెడనారంభించును. పూర్వము ఈ చేపలు ఊటనీటితో పాఱు మెక్లౌడ్ మొదలగు కొండ యేఱులకు పోయి గ్రుడ్లు పెట్టుచుండెడివి. 1945వ సంవత్సరమున పూర్తియైన షాస్టా ఆనకట్ట ఆ దారిని మూసివైచినది. అయినను జలాశయపు అడుగునుండి విడువబడిన చల్లని నీటివలన ఆనకట్ట దిగువనే అవి ఎటులో నిలద్రొక్కుకొన్నవి.

ఇట్లుండగా, 1964వ సంవత్సరమున రెడ్ బ్లఫ్ పట్టణముకడ మఱియొక అడ్డుకట్ట పూర్తియైనది. దానికి పదునొకండు ఇనుప తలుపులు. వానిని దింపినచో నది మట్టము పెరిగి, నీరు తనంతట తానే టెహామా-కొలూసా కాలువలోనికి పాఱును. పంపులు అక్కరలేదు, విద్యుచ్ఛక్తికి వ్యయము లేదు. ఆ నీటితో సుమారు 1,50,000 ఎకరముల భూమి సాగునకు వచ్చినది. వరి పండినది, బాదము తోటలు పెరిగినవి. తలుపుల వెనుక నిలిచిన నీరు వేసవిలో పట్టణవాసులకు ఒక చక్కని సరస్సైనది. అందు పడవ పందెములు జరుగుచుండెడివి.

కట్టినవారు చేపలను మఱచిపోలేదు. రెండు గట్ల ప్రక్కను మెట్లవలె తొట్లు కట్టి, వానిలో నీరు పాఱించి, చేపలు ఒకదానినుండి మఱియొకదానికి ఎగిరి పైకి పోవునట్లు ఏర్పాటు చేసిరి. కాని చేప వడిగల ప్రవాహమునే వెదకికొనుచు పోవును. మెట్లనుండి వచ్చు సన్నని ధారను విడిచి, తలుపుల క్రిందనుండి ఉఱుకు పెద్ద ప్రవాహమునకే అది ముట్టెను ఒడ్డెడిది. దారి దొరకక దినముల తరబడి అచ్చటనే తిరుగుచు, దాచుకొన్న బలమును వ్యర్థపఱచుకొనెడిది. దిగువకు పోవు చిన్నపిల్లల కష్టము వేఱు. తలుపుల క్రింది సుడులలో చిక్కి అవి తెలివితప్పి తేలుచుండగా, అచ్చట పొంచియున్న పెద్ద చేపలు వానిని మ్రింగివైచెడివి.

1969వ సంవత్సరమున లక్షకు మించి తిరిగి వచ్చిన శీతకాలపు సాల్మన్ చేపలు, 1994 నాటికి రెండు వందలకు లోపే మిగిలినవి. ఇందులకు అడ్డుకట్ట యొక్కటియే కారణము కాదు. అనావృష్టి, వేడెక్కిన నీరు మొదలగునవియు తోడైనవి. అయినను అడ్డుకట్ట పాలు స్వల్పము కాదు. 1989లో రాష్ట్రప్రభుత్వమును, 1994లో కేంద్రప్రభుత్వమును ఈ తెగను అంతరించిపోనున్న జీవుల పట్టికలో చేర్చినవి.

మొదట చేసిన ఉపాయము, ఏటిలో కొన్ని నెలలు తలుపులను ఎత్తియుంచుట. క్రమముగా ఆ కాలమును పెంచి, సెప్టెంబరు నడుమనుండి మే నడుమవఱకు తలుపులు దింపరాదని నిర్ణయించిరి. చేపలకు కొంత ఊపిరి వచ్చినది. కాని రైతులకు చిక్కులు మొదలైనవి. వరి యొక్క పంట పోయినను మఱుసటి యేడు మరల వేసికొనవచ్చును. బాదము తోట యెండినచో కాపునకు వచ్చు మఱియొక తోట సిద్ధమగుటకు ఏండ్లు పట్టును. చేప పక్షమువారు తలుపులు ఎల్లప్పుడును ఎత్తియుండవలెననిరి; రైతులు తలుపులు లేనిదే కాలువ లేదనిరి. రెండు మాటలును నిజములే. తగవు న్యాయస్థానముల వఱకు పోయినది.

తుదకు తేలిన సంగతి యేమనగా, రైతునకు కావలసినది నీరే గాని అడ్డుకట్ట కాదు. నదిని ఆపకయే నీటిని తీసికొను మార్గమున్నచో ఉభయులకును మేలు. ఈ యాలోచనతో రెడ్ బ్లఫ్ కడ గట్టున గొప్ప పంపుల కేంద్రమును నిర్మించిరి. అది 2012వ సంవత్సరమున పని ప్రారంభించినది. పంపులకు ముందు, నది వెంబడి, సుమారు 1,100 అడుగుల పొడవున ఒక ఉక్కు జల్లెడ కలదు. దాని సందులు రెండు మిల్లీమీటర్లకన్న సన్ననివి. కావున చేపపిల్ల దూరజాలదు. సందులు సన్నముగా నున్నంత మాత్రమున చాలదు. పంపులు బలముగా లాగినచో పిల్లలు జల్లెడకు అతుకుకొని చచ్చును. అందువలననే జల్లెడను అంత పొడవుగా కట్టిరి. నీరు విశాలమైన తలముమీద పంచబడి, సెకనుకు అడుగులో మూడవవంతు వేగముతో మెల్లగా లోనికి పోవును. ఆ మెల్లని లాగుడును చేపపిల్ల ఈది తప్పించుకొనగలదు; ప్రక్కగా పాఱు నది దానిని ముందునకు కొనిపోవును.

2011 తరువాత ఆ పదునొకండు తలుపులును మరల దింపబడలేదు. ఈ మేలు ఊరక రాలేదు. పూర్వము తనంతట పాఱిన నీటిని ఇప్పుడు విద్యుచ్ఛక్తి వెచ్చించి ఎత్తవలసియున్నది. పట్టణవాసులు తమ సరస్సును కోల్పోయిరి. కేంద్ర నిర్మాణమునకు కోట్లకొలది డాలర్లు వ్యయమైనవి.

అయినను శీతకాలపు సాల్మన్ చేపకు గండము పూర్తిగా తప్పలేదు. షాస్టా జలాశయపు వేర్వేఱు లోతులనుండి నీటిని ఎన్నుకొని విడుచుటకు 1997లో ఒక యంత్రనిర్మాణమును అమర్చిరి. కాని 2014, 2015, 2021 సంవత్సరముల అనావృష్టిలో జలాశయమున చల్లని నీరే కొఱవడి, గ్రుడ్లలోను పిల్లలలోను అత్యధిక భాగము నశించినవి. 2022వ సంవత్సరమున అధికారులును, ఆ యేటిగట్టున తరతరములుగా నివసించిన విన్నెమెమ్ వింటు జాతివారును కలిసి, ఈ చేప గ్రుడ్లను మెక్లౌడ్ ఏటికి కొనిపోయి పొదిగించిరి. అంతరించిపోనున్న జీవుల పట్టికలో ఈ తెగ పేరు నేటికిని ఉన్నది.

వేల సంవత్సరములుగా అలవడిన దారిని చేప మార్చుకొనజాలదు. నీటిని తోడు రీతిని మానవుడు మార్చుకొనగలడు. రెడ్ బ్లఫ్ వారు చేసినది అదియే. వారి కాలువలలో నేడును నీరు పాఱుచున్నది. నదికి అడ్డముగా తలుపు లేదు.