ముందు రేవు చూడు

సఖినేటిపల్లి

చిరంజీవి హారికకు,

నీ ఉత్తరం అందింది. ఇంగ్లండులోని సౌత్‌సీ నుంచి రైడ్‌కు హోవర్‌క్రాఫ్ట్‌లో పది నిమిషాల్లో దాటేశానని, ఆ పది నిమిషాలూ కిటికీ వదల్లేదని రాశావు. చివర్లో ఒక ప్రశ్న అడిగావు: "ఇంత గొప్ప వాహనం ఇంగ్లిష్ చానల్ మీద ఎందుకు నిలబడలేదు మామయ్యా?" ఓడల డిజైను చదువుకునే పిల్ల అడగవలసిన ప్రశ్నే అడిగావు. బతుకంతా ఓడల ఇంజను గదుల్లో గడిపినవాణ్ని కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. నిదానంగా చదువు.

ముందు మన రేవు గుర్తు తెచ్చుకో. ఇక్కడ పంటు ఎక్కి నువ్వు ఎన్నిసార్లు నరసాపురం వెళ్లలేదు! పంటు గోదావరి మీద నడిచేది కాసేపే. అసలు సమయమంతా గట్టు దగ్గరే పోతుంది. సరంగు పంటును రేవుకు ఆనించాలి, తాళ్లు బిగించాలి, పలకలు వెయ్యాలి. మోటారు సైకిళ్లు దిగాలి, కార్లు దిగాలి, ఆ తరవాత ఇటు వాళ్లు ఎక్కాలి. పోటు మీద ఉన్నప్పుడు పలక సమంగా ఉంటుంది. పాటు వచ్చిందంటే పంటు కిందకు దిగిపోతుంది, పలక ఏటవాలు అవుతుంది, కారు అడుగు రాసుకుంటుంది. నేను చెప్పబోయేదంతా ఆ పలకలోనే ఉంది. దగ్గరి దాటింపుల చరిత్ర నీళ్ల మీద కంటే రేవులోనే ఎక్కువగా నడిచింది.

ఒక లెక్క వేసి చూడు. ఇంగ్లండులోని డోవర్ నుంచి ఫ్రాన్సులోని కలే దాదాపు 42 కిలోమీటర్లు. 20 నాట్ల ఓడ ఆ దూరాన్ని 70 నిమిషాల్లో దాటుతుంది. వేగం రెట్టింపు చేస్తే 35 నిమిషాలు మిగులుతాయి. ఇంజను బలం మాత్రం రెట్టింపుతో సరిపోదు, ఎన్నో రెట్లు పెంచాలి. ఇప్పుడు రేవుకు రా. 15 కార్లను క్రేనుతో ఒక్కొక్కటిగా ఎక్కించాలి. కారుకు నాలుగు నిమిషాలనుకో. ఎక్కించడానికి ఒక గంట, దించడానికి ఇంకో గంట. ఆ రెండు గంటలను పావుగంట చేయగలిగితే, ఇంజనును ముట్టుకోకుండానే వేగం పెంచడం కంటే మూడు రెట్లు లాభం. విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్లే ఓడకు ఈ లెక్క వర్తించదు. అది రోజుల తరబడి సముద్రం మీద ఉంటుంది, రేవులో పోయే గంటలు అందులో కలిసిపోతాయి. దగ్గరి దాటింపులో రేవే సగం ప్రయాణం.

ఈ సంగతి ఎంతో తెలివైనవాళ్లకు కూడా వెంటనే తట్టలేదు. ఉక్కు తయారీని మార్చేసిన హెన్రీ బెస్సెమర్‌కు సముద్రం ఎక్కితే వాంతులు. ఓడ ఎంత ఊగినా లోపలి గది మాత్రం కదలకుండా హైడ్రాలిక్ యంత్రాలతో నిలిపే ఓడ ఒకటి కట్టించాడు. 1875లో అది కలే చేరింది, రేవులోకి మలుపు తిరగలేక అక్కడి కట్టను ఢీకొంది. బెస్సెమర్ ఆలోచనంతా నడిసముద్రం మీదే పెట్టాడు. ఓడకు దెబ్బ తగిలింది రేవులో.

ఇక కార్ల సంగతి. 1928లో కెప్టెన్ స్టువర్ట్ టౌన్‌సెండ్ ఆర్టిఫిసర్ అనే బొగ్గు ఓడను అద్దెకు తీసుకుని డోవర్, కలే మధ్య కార్లు దాటించడం మొదలుపెట్టాడు. దాంట్లో 15 కార్లు పట్టేవి. ప్రతి కారునూ క్రేనుతో గాలిలోకి లేపి ఓడలో దించేవారు. తరవాత ఆయన ఫోర్డ్ అనే పాత నౌకాదళపు ఓడను కొని, కార్లు నడిచి ఎక్కేలా వెనక తలుపు పెట్టించాడు. తలుపు సిద్ధమైంది గానీ దాన్ని ఆనించడానికి తగిన రేవు లేదు. అందుకే క్రేనులే కొనసాగాయి. 1936లో ఫ్రాన్సులో క్రేను పనివాళ్లు సమ్మె చేసినప్పుడు, నీటి మట్టం అనుకూలంగా ఉన్న వేళ చూసి కార్లను ఆ వెనక తలుపు గుండా నడిపించారు. దారి ఉందని అప్పుడు అందరికీ కనిపించింది.

అదే 1936లో డోవర్‌లో రైళ్లను ఓడ ఎక్కించే రేవు తెరిచారు. అక్కడ పోటుకూ పాటుకూ మధ్య నీటి మట్టం ఆరేడు మీటర్ల దాకా మారుతుంది. కారు ఏటవాలు పలక ఎక్కగలదు, రైలు పెట్టె ఎక్కలేదు. అందుకని ఓడ లోపలికి రాగానే వెనక గేట్లు మూసి, పంపులతో నీటినే పట్టాల మట్టానికి తెచ్చేవారు. రాత్రి లండన్‌లో పడుకున్నవాడు పెట్టె దిగకుండా పొద్దున పారిస్‌లో లేచేవాడు. ఆ నైట్ ఫెర్రీ 1980 దాకా నడిచింది. ఓడను మార్చకుండా రేవును మార్చి పని సాధించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కార్లకు 1953లో డోవర్ తూర్పు రేవులో కీలు మీద కదిలే వంతెనలు వచ్చాయి. ఒక కొస గట్టుకు, ఒక కొస ఓడకు. నీరు పెరిగితే పైకి, తగ్గితే కిందకు. మన పంటు పలకే, ఉక్కుతో చేసి యంత్రాలు తగిలించారు. డ్రైవరే తన కారును లోపలికి నడుపుకుని వెళ్లడం మామూలైపోయింది.

ఇప్పుడు నీ హోవర్‌క్రాఫ్ట్ దగ్గరకు వస్తాను. దాన్ని కనిపెట్టిన క్రిస్టఫర్ కాకరెల్ రేడియో ఇంజనీరు, తరవాత పడవలు కట్టే పని పెట్టుకున్నాడు. నీరు పడవను పట్టి లాగే లాగుడు తగ్గించడమెలా అన్నదే ఆయన చింత. 1955లో ఒక పెద్ద కాఫీ డబ్బాలో చిన్న పిల్లి మేత డబ్బా అమర్చి, రెంటి మధ్య సందులోంచి గాలిని కిందకు ఊదాడు. కింద వంటింటి తూకం పెట్టి చూశాడు. ఒకే గొట్టంలోంచి ఊదినప్పటి కంటే వలయంగా ఊదినప్పుడు తూకం మీద దాదాపు మూడు రెట్ల ఒత్తిడి కనిపించింది. వలయంగా దిగే గాలి తెరలా నిలబడి లోపలి గాలిని బయటికి పోనివ్వదు. ఆ చిక్కుకున్న గాలే వాహనాన్ని మోసే పరుపు. నీ గదిలో రెండు డబ్బాలూ, జుట్టు ఆరబెట్టుకునే యంత్రమూ, ఒక తూకమూ ఉంటే చాలు, నువ్వే చేసి చూడవచ్చు. తప్పకుండా చెయ్యి. చేతితో చేసిన చదువు మరుపుకు రాదు.

ఆ ఊహ సాండర్స్-రో కంపెనీ చేతిలో ఎస్.ఆర్.ఎన్.1 అనే హోవర్‌క్రాఫ్ట్ అయింది. 1959 జులై 25న, బ్లేరియో అనే వైమానికుడు చానల్ మీద విమానంలో ఎగిరి సరిగ్గా 50 ఏళ్లు నిండిన రోజున, అది రెండు గంటల పైచిలుకులో కలే నుంచి డోవర్ చేరింది. బరువు సర్దడం కోసం కాకరెల్ డెక్ మీదే నిలబడి ప్రయాణం చేశాడు. అయితే అది నీటికి జానెడు ఎత్తునే తేలేది, కాస్త అల లేస్తే తట్టుకునేది కాదు. సెసిల్ లాటిమర్-నీడమ్ అనే ఇంజనీరు చుట్టూ రబ్బరు స్కర్ట్ వేలాడదీయవచ్చని చూపించాకే అది సముద్రానికి పనికొచ్చింది. చీర కుచ్చిళ్లలా వేలాడే ఆ రబ్బరు అలను తాకి వంగుతుంది, అల వెళ్లిపోగానే మళ్లీ నిలబడుతుంది.

1968లో ఎస్.ఆర్.ఎన్.4 వచ్చింది. నాలుగు గ్యాస్ టర్బైన్లు, నాలుగు పెద్ద ప్రొపెల్లర్లు, 254 మంది మనుషులు, 30 కార్లు. తరవాత పొడవు పెంచి 56 మీటర్లు చేశారు. వెడల్పు 23, బరువు 300 టన్నులు. భాగించి చూడు, చదరపు మీటరుకు పావు టన్నుకు అటూ ఇటూ వస్తుంది. నువ్వు ఇసుకలో నిలబడితే నీ పాదాల కింద అంతకు ఎన్నో రెట్ల ఒత్తిడి పడుతుంది. అందుకే అంత బరువైన వాహనం నీటి మీంచి ఇసుక మీదికి, ఇసుక మీంచి కాంక్రీటు మీదికి అలాగే జారి వచ్చేస్తుంది. లంగరు లేదు, తాడు లేదు, పోటు పాటుల బెడద లేదు. రేవు కష్టాన్ని వేర్లతో పెరికేసిన వాహనం అది! 1995 సెప్టెంబరు 14న ప్రిన్సెస్ ఆన్ అనే ఎస్.ఆర్.ఎన్.4 22 నిమిషాల్లో చానల్ దాటింది.

మరి ఎందుకు నిలవలేదు? దానికి కావలసింది విమాన ఇంధనం. ఉప్పునీళ్లకూ అలలకూ స్కర్ట్ కొసలు అరిగిపోతూనే ఉండేవి, మారుస్తూనే ఉండాలి. గాలివాన ముదిరితే ప్రయాణం ఆగేది. అన్నిటికంటే ముఖ్యం, బరువు లారీలు ఎక్కేవి కావు. సెలవుల్లో కార్లు వస్తాయి, లారీలు ఏడాది పొడవునా వస్తాయి. ఫెర్రీలను పోషించేవి లారీలే. ఇంతలో 1994లో చానల్ సొరంగం తెరిచారు. 50 కిలోమీటర్ల సొరంగం, రైలు మీద కారు, 35 నిమిషాలు. అలలూ లేవు, పోటూ లేదు. 1999లో ఐరోపా దేశాల మధ్య పన్ను లేని అమ్మకాలు ఆగిపోయి, ఆ ఆదాయమూ పోయింది. 2000 అక్టోబరు 1న చివరి ఎస్.ఆర్.ఎన్.4 ప్రయాణం ముగిసింది. ప్రిన్సెస్ ఆన్‌ను మీకు దగ్గరే లీ-ఆన్-ది-సోలెంట్‌లోని హోవర్‌క్రాఫ్ట్ మ్యూజియంలో ఉంచారు. వీలు చూసుకుని వెళ్లు.

ఇక నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే మాట. రేవులో మిగిల్చిన నిమిషం ఊరికే రాదు. కారు నడిచి ఎక్కాలంటే ఓడకు తలుపు పెట్టాలి, లోపల అడ్డుగోడలు తీసేయాలి. ఓడను బతికించేవి ఆ గోడలే.

ప్రిన్సెస్ విక్టోరియా స్ట్రాన్‌రార్ నుంచి లార్న్ వెళ్లే ఫెర్రీ. 1953 జనవరి 31న తుఫానులో అలలు దాని వెనక తలుపులను బద్దలు కొట్టాయి. 130 మందికి పైగా పోయారు. ఆడవాళ్లలో, పిల్లల్లో ఒక్కరూ బతకలేదు. ఆ తలుపులకు రక్షణగా పైనుంచి దిగే ఇంకో తలుపు ఉంది. దించడానికీ ఎత్తడానికీ ఆలస్యమవుతుందని దాన్ని వాడేవారు కాదు.

34 ఏళ్ల తరవాత, 1987 మార్చి 6న, బెల్జియంలోని జేబ్రుగ రేవులో హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్. అది డోవర్, కలే రేవుల కోసం కట్టిన ఓడ. జేబ్రుగలో వంతెన దాని పై డెక్‌కు అందలేదు. అందుకని ముక్కు వైపు నీళ్లు నింపి ఓడను వంచారు. ఆ నీళ్లు పూర్తిగా తోడకముందే బయలుదేరారు. ముందు తలుపులు మూయవలసిన మనిషి తన గదిలో నిద్రపోతున్నాడు. కెప్టెన్ నిలబడే చోటు నుంచి తలుపులు కనబడవు. మూసుకున్నాయో లేదో చెప్పే దీపం పెట్టమని అంతకుముందే అడిగారు, పెట్టలేదు. వేగం అందుకోగానే నీరు కార్ల డెక్ మీదికి వచ్చింది. వెడల్పాటి పళ్లెంలో రెండు గ్లాసుల నీళ్లు పోసి, రెండు చేతులా పట్టుకుని నడిచి చూడు. నీరంతా ఒక పక్కకు ఎలా పరుగెడుతుందో, పళ్లెం ఎలా చేజారిపోతుందో నీ చేతులకే తెలుస్తుంది. అడ్డుగోడలు లేని డెక్ అలాంటి పళ్లెమే. ఒకటిన్నర నిమిషంలో ఓడ పక్కకు ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు.

ఆ రాత్రి నిద్రపోయినవాడి మీదే తప్పంతా వేసేవాళ్లు ఉంటారు. నువ్వు అలా అనకు. మనిషి నిద్రపోతాడు, మరిచిపోతాడు, తొందరపడతాడు. అది తెలిసి గీసినదే మంచి ఓడ. ఒక్క దీపం ఉంటే ఆ కెప్టెన్ ఆగి ఉండేవాడు. ఆ తరవాతే దీపాలు తప్పనిసరి అయ్యాయి. ఇంత చిన్న వస్తువు కోసం అంతమంది పోవలసి వచ్చిందన్నది తలచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవుతుంది.

నీ హోవర్‌క్రాఫ్ట్ రైడ్‌లో ఇంకా ఎందుకు నడుస్తోందో ఇప్పుడు నీకే తెలుస్తుంది. పాటు సమయంలో అక్కడ నీరు అర మైలు వెనక్కిపోతుంది. పూర్వం ప్రయాణికులను మనుషులు వీపు మీద మోసి బురద దాటించేవారు. ఆ బాధ పడలేకే 1814లో సముద్రంలోకి పొడవైన వంతెన లాంటి పియర్ కట్టారు. మామూలు పడవ ఇప్పటికీ ఆ పియర్ కొసనే ఆగాలి, హోవర్‌క్రాఫ్ట్ ఇసుక మీంచి ఊరి ఒడ్డుకే వస్తుంది. అక్కడ లారీల అవసరం లేదు, దూరం చిన్నది, ఒడ్డు పల్లం. ఆ రేవుకు తగిన వాహనం అదే. అందుకే 1965 నుంచి అక్కడ నడుస్తూనే ఉంది.

హారికా, రేపు నువ్వు ఎన్నో ఓడలు గీస్తావు. కాగితం మీద మొదటి గీత గీయకముందు ఆ ఓడ ఆగే రెండు రేవులకూ వెళ్లు. ఒక పోటూ ఒక పాటూ పూర్తిగా అయ్యేదాకా అక్కడే నిలబడు. పలక వేసే మనిషితో మాట్లాడు. తలుపు మూసే మనిషి ఎన్ని గంటలు పనిచేశాడో అడుగు. ఆ తరవాతే గియ్యి.

ఆశీస్సులతో,
మామయ్య