తిమ్నా లోయలోని రాగి గనులు

మానవుడు ఒకచోట నివసించి దానిని విడిచిపోవునపుడు తన గుర్తులు కొన్ని అచ్చట మిగిల్చి పోవును. పాడుపడిన కోట, పూడిన బావి, కూలిన గోడ అట్టి గుర్తులే. వానలు కురియు దేశములందు ఇవి త్వరలోనే చెరిగిపోవును. గోడలపై రావిమొక్కలు మొలచును. గుంతలలో మట్టి చేరును. గుడ్డలు, గింజలు, తోలు మొదలగునవి కుళ్ళి నేలలో కలిసిపోవును. ఎడారియం దట్లు కాదు. అచ్చట తేమ లేదు గనుక కుళ్ళును అంతగా లేదు. మూడువేల ఏండ్ల క్రిందట ఒక పనివాడు తిని పాఱవేసిన ఖర్జూరపు గింజ నేటికిని గింజవలెనే యుండును. అట్టి యొక ఎడారిలో పాడుపడిన గనులను పండితులు శోధించిన వృత్తాంతమును ఈ పాఠమునందు తెలిసికొందము.

ఎఱ్ఱసముద్రము ఉత్తరపు కొనను రెండు పాయలుగా చీలియున్నది. అందు తూర్పుపాయకు అకాబా సింధుశాఖ యని పేరు. దాని యొడ్డున ఇజ్రాయెల్ దేశపు రేవుపట్టణమగు ఎయిలాత్ కలదు. అచ్చటినుండి ఉత్తరముగా 30 కిలోమీటర్లకు లోపుననే తిమ్నా అను లోయ యున్నది. ఎత్తైన కొండలు గుఱ్ఱపు లాడమువలె ఆ లోయను చుట్టుకొని యుండును. ఎఱ్ఱని రాళ్ళు, తెల్లని రాళ్ళు, పసుపు వన్నె యిసుక తప్ప వేఱొండు కానరాదు. సంవత్సరమంతయు కురిసిన వానను కొలిచినను 30 మిల్లీమీటర్లకు మించుట అరుదు. వేసవిలో పగటియెండ 40 డిగ్రీలను దాటును. అచ్చటచ్చట తుమ్మజాతి చెట్లు కొన్ని మాత్రము నిలిచియుండును.

ఇట్టి చోటికి మానవుడేల పోవలెను? రాగికొఱకు పోయెను. ఆ లోయయందలి తెల్లని ఇసుకరాతి పొరలలో పచ్చని రాతిగుండ్లు దొరకును. ఆ పచ్చదనము రాగిదే. ఇనుము వాడుకలోనికి రాకపూర్వము కత్తి, గొడ్డలి, ఉలి, కుండ, అద్దము అన్నియు రాగితోను, రాగిలో తగరము కలిపిన కంచుతోను చేయుచుండెడివారు. కనుక రాగి యున్న చోటికి నీరు లేకున్నను జనులు పోయిరి. నీటిని, తిండిని గాడిదలపై వేసికొని మఱీ పోయిరి.

కాలక్రమమున ఆ గనులు పాడుపడెను. గాలి తెచ్చిన ఇసుక గుంతలను పూడ్చెను. చాలకాలము వానిని తలంచినవారు అరుదు.

1934వ సంవత్సరమున నెల్సన్ గ్లూక్ అను అమెరికా దేశపు పురావస్తు పండితుడు ఆ ప్రాంతమును పరిశీలించెను. ఆయనకు లోయలో నల్లని చిట్టెపు కుప్పలు కనబడెను. చిట్టె మనగా ఖనిజమును కరగించి లోహమును తీసికొనిన పిదప మిగులు రాతివంటి మలినము. చిట్టెము దగ్గఱ కుండపెంకులు దొరకెను. ఆ పెంకుల తీరునుబట్టి అవి క్రీస్తునకు పూర్వము పదియవ శతాబ్దము నాటివని ఆయన నిర్ణయించెను. ఆ కాలముననే సొలొమోను రాజు యెరూషలేములో దేవాలయమును కట్టించెననియు, దానికి రాగి పాత్రలను, రాగి స్తంభములను చేయించెననియు బైబిలు చెప్పుచున్నది. కావున ఇవి సొలొమోను గనులేయని గ్లూక్ తలంచెను. 1885లో ఆంగ్ల రచయిత రైడర్ హగ్గార్డ్ ఆ రాజు గనుల పేరిట ఒక నవలను వ్రాసియుండెను. కథ ఆఫ్రికాకు సంబంధించినది యైనను, సొలొమోను గనులన్న మాట లోకమున వ్యాపించి యుండెను. ఈ క్రొత్త వార్తను జనులు ఎంతయు ఆదరముతో వినిరి.

ఆ లోయలో బల్లపరుపైన గుట్ట యొకటి కలదు. దానిమీద చిట్టెపు కుప్పలును, అంచున రాతిగోడయు, గోడకు ద్వారమును గలవు. ఎడారి నడుమ పనిచోటికి గోడ యెందులకు? పనివారు పాఱిపోకుండుటకే యని గ్లూక్ ఊహించెను. ఇంతటి యెండలో ఇంతటి కష్టమైన పనిని మనసారా చేయువా రుందురా? వీరు బానిసలై యుందురని ఆయన నిశ్చయించెను. ఆ గుట్టకు 'బానిసల గుట్ట' యను పేరు నిలిచిపోయెను. ఒక గోడను చూచి కట్టిన ఊహ అనేక సంవత్సరములు సత్యముగా చెల్లుబడి యయ్యెను.

గ్లూక్ పరిశోధనలయందు ఛాయాచిత్రములు తీయుచు ఆయనతో తిరిగినవాడు బెనో రోథెన్‌బర్గ్. 1959లో ఈయన స్వయముగా ఆ ప్రాంతమును శోధింప మొదలిడెను. పెద్దవాడు చెప్పిన మాట గదాయని ఊరకుండక ప్రతి కుప్పను, ప్రతి గుంతను మరల పరీక్షించెను. 1969లో ఆయనకు ఒక ఎత్తైన రాతిగోడ పాదమున చిన్న దేవాలయము బయల్పడెను. అది ఈజిప్టువారి హాథోర్ దేవతది. పూసలు, తాయెత్తులు, చిన్నపాత్రలు మొదలైన కానుకలు వేలకొలదిగా దొరకెను. కొన్నింటిపై ఈజిప్టు రాజుల పేర్లు చెక్కబడి యుండెను. సొలొమోనుకు రెండు మూడు వందల ఏండ్లకు పూర్వమే ఈజిప్టువా రచ్చట రాగి తీసిరని దీనిచే రుజువయ్యెను. ఈజిప్టువారు వెడలిన పిదప ఎడారి వాసులు ఆ గుడిని తమ ఆచారముల కనువుగా మార్చుకొని, పైన గుడ్డల గుడారము వేసిరి. వారు సమర్పించిన రాగిపాము ఒకటి, తలకు బంగారుపూత గలది, అచ్చట దొరకెను. ఇక సొలొమోను మాట కేవలము కథయేయని పండితులలో ననేకులు నమ్మిరి.

గనులలోపలి భాగమును శోధించుట మఱింత కష్టమయ్యెను. లోయ నేలమీద పళ్ళెములవలె గుండ్రని పల్లములు వేలకొలదిగా నుండెను. అవి యేమో మొదట ఎవ్వరికిని తెలియలేదు. త్రవ్వి చూడగా అవి పూడిపోయిన గనిబావుల నోళ్ళని తేలెను. 1974 మొదలుకొని జర్మనీ దేశపు బోఖుమ్ నగరమునందలి గనుల ప్రదర్శనశాల వారు రోథెన్‌బర్గునకు తోడ్పడి ఆ బావులలోనికి దిగిరి. ఒక్కొక్క బావి మనిషి యొకడు దిగుటకు మాత్రమే చాలినది. దిగుటకై ప్రక్కగోడలలో అడుగు పట్టునంతటి గుంటలు తొలిచియుండిరి. కొన్ని బావులు 30 మీటర్లకు మించిన లోతు గలవి. అడుగున ఖనిజపు పొరను వెంబడించి సొరంగములు నలువైపులకు పోయియుండెను. వానిలో కొన్నిచోట్ల ప్రాకి పోవలసినదే. గోడలపై ఉలిదెబ్బలు నిన్న మొన్న చెక్కినట్లు స్పష్టముగా నుండెను. అంతకంటె ప్రాచీనమైన గనులలో లోహపు ఉలికి బదులు రాతిసుత్తులు వాడిరి.

విద్యార్థులారా! ఇట్టి వర్ణనలు చదివినపుడు పాడుపడిన గనిలోనికి మనమును దిగి చూడవలెనను కుతూహలము పుట్టవచ్చును. కాని అది ప్రాణములతో చెలగాటము. అచ్చట గాలి చెడియుండును; చెడిన గాలి కంటికి కనబడదు. నేలపై పలుచగా కప్పిన మట్టిక్రింద లోతైన బావి యుండవచ్చును. పైకప్పు ఏ క్షణముననైనను విఱిగిపడవచ్చును. పరిశోధకులు త్రాళ్ళు, దీపములు, శిరస్త్రాణములు ధరించి, పైన తోడుమనుష్యుల నుంచి, గనిపని యెఱిగినవారి వెంట మాత్రమే దిగుదురు. తెలిసినవారు లేక దిగుట ధైర్యము కాదు, అవివేకము.

ఇక రాగిని ఎట్లు తీసిరో చూతము. పనివారు పచ్చని ఖనిజమును పగులగొట్టి, రాళ్ళను ఏఱివేసి, పొడిచేసి కొలిమి యొద్దకు తెచ్చెడివారు. బొగ్గుతోను, ఇనుపరాయి లేక మాంగనీసు రాతిపొడితోను దానిని కలిపి చిన్న మట్టికొలిమిలో వేసెడివారు. మట్టిగొట్టముల ద్వారా తిత్తులతో గాలి యూదెడివారు. వేడిమి సుమారు 1200 డిగ్రీల సెంటీగ్రేడునకు చేరినచో రాళ్ళ మలినము కరగి చిట్టెముగా వేఱగును. రాగి అడుగునకు దిగును. గాలి ఎక్కువైనను తక్కువైనను, పొడిపాళ్ళు తప్పినను శ్రమ యంతయు వ్యర్థము. నాడు వేడిమిని కొలుచు సాధనములు లేవు. మంట రంగును చూచి, తిత్తి చప్పుడు విని, చేతి అనుభవముతో నిర్ణయింపవలెను. ఇది కొరడాకు భయపడి చేయదగిన పనియా? నేర్చినవాడే చేయదగిన పని. ఈ ప్రశ్న పండితుల మనస్సులలో మెదలుచునే యుండెను.

దీనికి సమాధానము గ్లూక్ వచ్చిన సుమారు ఎనుబది సంవత్సరములకు లభించెను. టెల్‌ అవీవ్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎరెజ్ బెన్-యోసెఫ్ అను పండితుడు 2013లో బానిసల గుట్టను త్రవ్వించెను. అచ్చట దొరకిన ఖర్జూరపు గింజల వయస్సును కర్బన పరీక్షచే తెలిసికొనిరి. మొక్క జీవించియున్నంత వఱకు గాలినుండి కర్బనమును గ్రహించును. అందు ఒక రకము కర్బనము, మొక్క చచ్చిన పిదప, క్రమక్రమముగా తఱిగిపోవును. సుమారు 5730 ఏండ్లకు సగమగును. మిగిలిన దానిని కొలిచినచో కాలము తెలియును. ఆ గింజలు క్రీస్తునకు పూర్వము పదియవ శతాబ్దమునకు చెందినవని తేలెను. అనగా ఆ గుట్ట కాలమును గూర్చి గ్లూక్ చెప్పిన మాటయే నిజము! రోథెన్‌బర్గ్ చెప్పిన ఈజిప్టువారి కాలమును నిజమే. అది మొదటిది, ఇది తరువాతిది. సొలొమోను పేరుగల వస్తువు మాత్రము ఒక్కటియు దొరకలేదు. ఆ కాలమున గనులు నడపినవారు ఎదోమీయులను ఎడారిజాతివారై యుందురని బెన్-యోసెఫ్ అభిప్రాయము.

మఱి బానిసల మాట యేమి? కొలుముల చెంత కుప్పలలో తిండి మిగుళ్ళు దొరకెను. మేకల, గొఱ్ఱెల ఎముకలను పరీక్షింపగా మంచి మాంసము గల భాగములు కొలిమి పనివారికే చేరినట్లు తెలిసెను. దూరముననున్న మధ్యధరా సముద్రపు చేపల ఎముకలు కనబడెను. ద్రాక్ష, అత్తి మొదలగు పండ్ల గింజలు దొరకెను. ఎఱుపు, నీలి రంగులద్దిన ఉన్ని బట్టల ముక్కలు లభించెను. సముద్రపు నత్తలనుండి తీయు ఊదారంగు పూనిన ఉన్నిపోగులును లభించినవని 2021లో ప్రకటించిరి. ఆ రంగు ఆ కాలమున రాజులు, పెద్దలు ధరించునట్టిది. బానిసకు ఇట్టి తిండి యెవడు పెట్టును? కొలిమి పనివారు బానిసలు కారు. గౌరవము పొందిన నేర్పరులు. గోడయొక్క ద్వారము చెంత గాడిదల పేడ సైతము చెడక యుండెను. ఎండుగడ్డితోపాటు ద్రాక్షపిప్పి వేసి ఆ గాడిదలను పోషించిరని దానివలన తెలిసెను. ఆ గోడ లోనివారిని బంధించుటకు గాక, విలువైన రాగిని బయటి శత్రువులనుండి కాపాడుటకు కట్టినదని నేటి పండితులు చెప్పుదురు.

ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. ఈ సాక్ష్యము కొలిమి పనివారిని గూర్చినది. చీకటి బావులలో దిగి రాయి త్రవ్వినవారు ఎట్లు బ్రతికిరో ఈ ఎముకలు చెప్పవు. దొరకిన సాక్ష్యము ఎంతవఱకు పోవునో అంతవఱకే మనము పోవలెను.

ఇంతటి సంపన్నమైన పని యేల ఆగిపోయెను? దీనికిని ఒక సమాధానము బొగ్గుల కుప్పలలో దొరకెను. 2022లో ప్రకటింపబడిన పరిశోధనలో ఆ బొగ్గులు ఏ చెట్లవో పరీక్షించిరి. మొదటి కాలమున మంచి వేడిమి నిచ్చు తుమ్మ, ఎడారిపొదల కట్టెలు వాడిరి. పోను పోను మంచి కట్టె తఱిగి, ఖర్జూరపు కలపవంటి నాసిరకము కట్టెలతో సరిపుచ్చుకొనిరి. నఱికిన వేగముతో ఎడారిలో చెట్టు పెరుగదు. క్రీస్తునకు పూర్వము తొమ్మిదవ శతాబ్దము నడుమ కొలుములు చల్లారెను. రాగి యింకను రాతిలో నుండగనే, దానిని కరగించు కట్టెలు కఱవగుట దీనికి కారణమని ఆ పండితుల యభిప్రాయము.

తిమ్నా లోయ నేడు ఉద్యానవనముగా సంరక్షింపబడుచున్నది. యాత్రికులు భద్రమైన మార్గములలో ఆ ప్రాచీన గనులను చూచి వచ్చుచున్నారు. ఆ లోయ కథ మనకు బోధించున దేమి? గ్లూక్ గొప్ప పండితుడే. ఆయన చెప్పిన కాలము సరియే. కాని గోడను చూచిన వెంటనే దాని వెనుక మనుష్యుల బ్రతుకును తానే నిర్ణయించెను. ఆ తొందరచే నేర్పుగల పనివారికి బానిసలను పేరు పడెను. నోరులేని ఆ పనివారి పక్షమున సాక్ష్యము చెప్పినవి వారు తిని పాఱవేసిన ఎముకలు, గింజలు, చినిగిన బట్టపేలికలు. ఎవ్వరిని గూర్చియైనను, వారు కాయకష్టము చేయువారని చూచినంతనే తక్కువగా తలంచుట తగదు. వారి పనిలోని నేర్పును ముందు తెలిసికొనవలెను, పిదప మాటలాడవలెను.