సర్వే నంబరు నుండి పొలం హద్దు వరకు: రామకృష్ణాపూర్ బొగ్గు గనుల ప్రాంతంలో భూఖండాల గుర్తింపు

సారాంశం

మట్టి నమూనా, పంట నమోదు, పంట నష్టపరిహారం, భూసేకరణ పరిహారం అనేవన్నీ భూఖండపు ఉనికిని కచ్చితంగా గుర్తించడంపైనే ఆధారపడి ఉంటాయి. అమెరికాలోని దీర్ఘచతురస్రాకార సర్వే విధానాన్ని, తెలంగాణలోని సర్వే నంబరు, టిప్పన్ విధానాన్ని పోల్చి, హద్దురాయి లోపించిన పొలంలో దాని స్థానాన్ని తిరిగి నిర్ణయించే పద్ధతిని ఈ వ్యాసం ఒక ఉదాహరణ ద్వారా వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

సస్యశాస్త్ర అధ్యాపకునికి సర్వేతో పని ఏమిటని విద్యార్థులు అడుగుతుంటారు. కొన్నేళ్ల క్రితం మేము సేకరించిన మట్టి నమూనాల సంచులపై గ్రామం పేరు, సర్వే నంబరు మాత్రమే వ్రాసుకున్నాము. తిరిగి అదే పొలాలకు వెళ్లేసరికి ఒక సర్వే నంబరు నాలుగు భాగాలైంది. మొదటి నమూనా ఏ భాగంలోనిదో చెప్పగలిగినవారు లేరు. విశ్లేషణలో దోషం లేకున్నా ఫలితం నిరుపయోగమైంది. ఆ పొరపాటు మాదే. ఈ పాఠానికి అదే ప్రేరణ.

మంచిర్యాల జిల్లా మందమర్రి మండలంలోని రామకృష్ణాపూర్ ప్రాణహిత-గోదావరి లోయ బొగ్గు క్షేత్రంలో ఉంది. ఇక్కడ భూగర్భ గనులు, ఉపరితల గని, కార్మిక వాడలు, పత్తి చెలకలు, వరి మళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ఇటువంటి చోట ఒక సర్వే నంబరులో కొంత భాగం గనికి పోయి, మిగిలినది రైతు చేతిలో ఉండడం సహజం. మిగిలినది ఎంత, ఎక్కడ అనే రెండు ప్రశ్నలకు సరైన సమాధానం లేకపోతే రైతు తన భూమిని కాగితంపై నిలుపుకొని నేలపై కోల్పోయే ప్రమాదముంది.

దీర్ఘచతురస్రాకార విధానం

అమెరికాలో 1785 నాటి భూ శాసనంతో ఈ విధానం ఆరంభమైంది. ఒక ప్రధాన మధ్యాహ్న రేఖను, ఒక ఆధార రేఖను నిర్ణయించి, వాటి నుండి 6 మైళ్ల భుజం గల చతురస్రాలుగా భూమిని విభజించారు. ఈ చతురస్రాన్ని టౌన్‌షిప్ అంటారు. ప్రతి టౌన్‌షిప్‌లో 36 సెక్షన్లు, ఒక్కొక్క సెక్షన్ 1 చదరపు మైలు, అనగా 640 ఎకరాలు. ఈశాన్య మూలలో 1వ సెక్షన్‌తో మొదలై పడమరకు 6 వరకు సాగి, కింది వరుసలో 7 నుండి తూర్పునకు మరలుతుంది. నాగలి చాళ్ల వలె అటూ ఇటూ తిరుగుతూ ఆగ్నేయ మూలలో 36తో ముగుస్తుంది. సెక్షన్‌లో నాలుగవ వంతు 160 ఎకరాలు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద సేద్యగానికి ఇచ్చిన గరిష్ఠ పరిమాణం ఇదే. అందులో మళ్లీ నాలుగవ వంతు 40 ఎకరాలు.

"14వ సెక్షన్, ఆగ్నేయ పాదంలోని వాయవ్య పాదం" అన్నప్పుడు ముందుగా సెక్షన్‌ను, తరువాత దాని ఆగ్నేయ పాదాన్ని, చివరకు అందులోని వాయవ్య పాదాన్ని గుర్తించాలి. ఆంగ్ల దస్తావేజులో ఈ వరుస తలకిందులుగా ఉంటుంది కనుక దానిని చివరి నుండి చదవాలి. భూమి గోళాకారం వల్ల మధ్యాహ్న రేఖలు ఉత్తరానికి పోయేకొద్దీ దగ్గరవుతాయి. ఆ తేడాను, కొలత దోషాలను టౌన్‌షిప్ ఉత్తర, పడమటి అంచుల్లోని సెక్షన్లలో సర్దుతారు. కాబట్టి ప్రతి సెక్షన్ సరిగ్గా 640 ఎకరాలుంటుందని భావించరాదు.

మన దేశంలోనూ దీనికి దగ్గరి బంధువు ఉంది. పంజాబ్ కాలువల కింద కొత్తగా సాగులోకి వచ్చిన భూములను 25 కిల్లాల మురబ్బాలుగా విభజించారు. 220 అడుగుల పొడవు, 198 అడుగుల వెడల్పు గల కిల్లా సరిగ్గా ఒక ఎకరం.

మన విధానం ఎందుకు వేరు?

పై విధానాల్లో గళ్లు ముందు, రైతు తరువాత. తెలంగాణలో పొలాలు ముందు, సర్వే తరువాత. చెరువు, వాగు, నేల వాలు, గెట్టు నిర్ణయించిన ఆకారాలను సర్వే ఉన్నవి ఉన్నట్లు కొలిచి నమోదు చేసింది. అందువలన అక్కడ సంఖ్య స్థానాన్ని తెలుపుతుంది. ఇక్కడ సంఖ్య పేరు మాత్రమే. 147 అనే సర్వే నంబరు చూసి అది గ్రామానికి ఏ దిక్కున ఉందో చెప్పలేము. స్థానం గ్రామ నక్షాలోను, కొలతలు టిప్పన్‌లోను, విస్తీర్ణం సేత్వార్‌లోను, సాగు వివరాలు పహాణీలోను ఉంటాయి. ఈ నాలుగింటినీ కలిపి చదివినప్పుడే భూఖండం పూర్తిగా తెలుస్తుంది. పహాణీ ఒక్కదానితో హద్దు నిర్ణయించబూనడం పేరు చూసి మనిషి ఎత్తు చెప్పడం వంటిది.

టిప్పన్ చదివే విధానం

తెలంగాణ టిప్పన్‌లో కొలత 33 అడుగుల గొలుసుతో ఉంటుంది. గొలుసుకు 16 అణాలు. ఒక అణా 2 అడుగుల ముప్పావు అంగుళం. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు గల స్థలం 1,089 చదరపు అడుగులు, అనగా 121 చదరపు గజాలు. అదే ఒక గుంట. గొలుసులను గొలుసులతో గుణిస్తే నేరుగా గుంటలు వస్తాయి. 40 గుంటలు ఒక ఎకరం.

పాఠం కోసం ఒక ఊహా టిప్పన్ తీసుకుందాము. క, గ అనే రాళ్ల మధ్య ఆధార రేఖ 20 గొలుసులు. క నుండి 8 గొలుసుల వద్ద ఎడమకు 6 గొలుసుల లంబదూరంలో చ అనే రాయి ఉంది. క నుండి 12 గొలుసుల వద్ద కుడికి 5 గొలుసుల 8 అణాల దూరంలో ట అనే రాయి ఉంది.

ఎడమ త్రిభుజం: 20 × 6 ÷ 2 = 60 గుంటలు.
కుడి త్రిభుజం: 20 × 5.5 ÷ 2 = 55 గుంటలు.
మొత్తం 115 గుంటలు, అనగా 2 ఎకరాల 35 గుంటలు. ఇది సేత్వార్‌లోని విస్తీర్ణంతో సరిపోవాలి.

ఇప్పుడు కుడి భాగమంతా, అనగా 1 ఎకరం 15 గుంటలు, భూసేకరణలో పోయిందనుకొందాము. రైతుకు మిగిలినది 1 ఎకరం 20 గుంటలు. పనుల మధ్య చ రాయి మాయమైంది. దానిని తిరిగి నిలిపే క్రమం ఇది:

1. క, గ రాళ్ల మధ్య దూరం కొలిచి, 660 అడుగులు ఉన్నదీ లేనిదీ చూడాలి.
2. క నుండి గ వైపు 264 అడుగులు (8 గొలుసులు) కొలిచి గుర్తు పెట్టాలి.
3. అక్కడ లంబం నిలిపి, ఎడమకు 198 అడుగులు (6 గొలుసులు) కొలవాలి. 3, 4, 5 కొలతల తాడుతో లంబాన్ని సరిచూసుకోవచ్చు.
4. వచ్చిన బిందువు క నుండి 330 అడుగులు, గ నుండి సుమారు 442 అడుగుల 9 అంగుళాలు ఉండాలి. ఈ రెండూ కుదిరితేనే స్థానం సరైనది.

వాలు నేలపై గొలుసును సమతలంగా పట్టి అంచెలంచెలుగా కొలవాలి. నేల వెంట పరిచి కొలిస్తే దూరం ఎక్కువగా వస్తుంది.

చ రాయిని ఒక్క గొలుసు, అనగా 33 అడుగులు, లోపలికి జరిపి పాతితే ఏమవుతుంది? 20 × 5 ÷ 2 = 50 గుంటలు. రైతు 10 గుంటలు, అనగా పావు ఎకరం, కోల్పోతాడు. పాస్ పుస్తకంలో ఒక్క అక్షరం మారదు.

గని ప్రాంతంలో ప్రత్యేక జాగ్రత్తలు

మొదటి మెట్టులోనే 660 అడుగులు రాకపోతే ఆగవలసిందే. భూగర్భ గనుల పైన నేల కుంగినప్పుడు అది కిందికి మాత్రమే పోదు. పక్కకు కూడా జరుగుతుంది. రాయి నిలిచి ఉన్నంత మాత్రాన అది మొదటి చోటనే ఉన్నట్లు కాదు. అట్టి సందర్భంలో పొరుగు సర్వే నంబర్ల టిప్పన్లతో ఉమ్మడి రాళ్లను సరిచూసి, కుంగుబాటుకు దూరంగా ఉన్న రాళ్ల నుండి కొలత ఆరంభించాలి. మూడు గ్రామాల సరిహద్దులు కలిసే చోటి రాళ్లు ఇందుకు అక్కరకు వస్తాయి. ఉపరితల గనిలో నేలే తొలగిపోతుంది కనుక తవ్వకానికి ముందే హద్దుల అక్షాంశ రేఖాంశాలను నమోదు చేసుకోవడం ఉత్తమం. తుది హద్దు నిర్ణయం ప్రభుత్వ సర్వేయరుదే. పై లెక్క రైతు సరిచూసుకోవడానికి మాత్రమే.

ఉపగ్రహ స్థాననిర్ణయం: ఉపయోగం, పరిమితి

అక్షాంశంలో ఒక సెకను సుమారు 31 మీటర్లు. రామకృష్ణాపూర్ అక్షాంశం వద్ద రేఖాంశంలో ఒక సెకను సుమారు 29 మీటర్లు. దశాంశ డిగ్రీలలో ఐదు స్థానాలు వ్రాస్తే దాదాపు ఒక మీటరు వరకు సూచించవచ్చు. అయితే సాధారణ ఫోనులో కొన్ని మీటర్ల దోషం ఉంటుంది. గుంట భుజమే 10 మీటర్లు కాబట్టి, ఫోను పొలాన్ని కనుగొనడానికి పనికివస్తుంది గాని రాయి పాతడానికి కాదు. అందుకు సవరణ సంకేతాలు అందుకొనే సర్వే పరికరం అవసరం.

సాయిల్ హెల్త్ కార్డు పథకంలో (2015) నీటిపారుదల భూములకు 2.5 హెక్టార్లు, వర్షాధార భూములకు 10 హెక్టార్ల గళ్లను నమూనా సేకరణకు నిర్దేశించారు. గళ్ల విధానం ఈ రూపంలో మన పొలాలకూ వచ్చినట్లే. 10 హెక్టార్ల గడిలో అనేక చిన్న కమతాలు ఉంటాయి. కనుక నమూనా సంచిపై గ్రామం, సర్వే నంబరు, ఉపవిభాగపు అక్షరం, అక్షాంశ రేఖాంశాలు, తేదీ అన్నీ ఉండాలి. నంబరు విడిపోయినా స్థానం విడిపోదు.

ముగింపు

దేశమంతటా భూఖండాలకు అక్షాంశ రేఖాంశాల ఆధారంగా 14 అక్షరాంకెల విశిష్ట సంఖ్యను ఇచ్చే ప్రయత్నం జరుగుతున్నది. ఆ సంఖ్యతో మన విధానంలోనూ పేరు, స్థానం ఒకటవుతాయి. అంతవరకు, ఆ తరువాత కూడా, తొలి కొలతలకు ఆధారం టిప్పనే. రైతు తన టిప్పన్, నక్షా నకళ్లను పాస్ పుస్తకంతో పాటు భద్రపరచుకోవాలి. ఏడాదికొకసారి, వానలకు ముందు, హద్దురాళ్లను చూసుకోవాలి. విస్తరణ సిబ్బంది, విద్యార్థులు గొలుసు, అణా, గుంట లెక్కను నేర్చుకొని ఉంటే రాయి పోయిన రోజున రైతు పక్కన నిలబడగలుగుతారు.