సాంబ వడ్లకు ఏం చేశారు? పత్తి గింజకు ఏం చేశారు?

‘జీన్ మార్చిన విత్తనం’ అనే మాటను ఊళ్లలో అన్నిటికీ కలిపి వాడేస్తున్నారు. హైబ్రిడ్ అన్నా అదే, బిటి అన్నా అదే, కొత్త వరి రకం అన్నా అదే. నిజానికి ఇవి వేరు వేరు. ఏ గింజ ఇంట్లో దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు, ఏది వేసుకోకూడదు, ఏ సంచి జోలికి అసలు పోకూడదు అన్నది ఈ తేడా తెలిస్తేనే అర్థమవుతుంది. మీ పిల్లల జీవశాస్త్రం పుస్తకంలో ఈ పాఠం బఠానీ మొక్కలతో ఉంటుంది. మనం వరితో, పత్తితో చెప్పుకుందాం.

చేలో మంచి వెన్ను చూసి, దాన్ని విడిగా కోసి విత్తనానికి ఉంచడం మన తాతల నాటి నుంచి ఉన్నదే. పుస్తకంలో ‘వరణం’ అని రాసేది దీన్నే. తర్వాతి మెట్టు సంకరణం, అంటే రెండు రకాలను కలపడం. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన బిపిటి 5204, అదే మన సాంబ మసూరి, అలా పుట్టిందే. జి.ఇ.బి. 24 అనే పాత రకాన్ని తైచుంగ్ నేటివ్-1 అనే పొట్టి రకంతో కలిపి, వచ్చిన దాన్ని మసూరితో కలిపారు. ఆ సంతానంలో నుంచి ఏళ్ల తరబడి ఏరి ఏరి నిలబెట్టారు. ఇందులో బయటి జీవి జీన్ ఏదీ లేదు.

సాంబ బియ్యానికి పేరుంది గానీ బాక్టీరియా ఎండాకు తెగులుకు మాత్రం తట్టుకోలేదు. ఈ తెగులు ముదిరితే మందు కొట్టినా పెద్దగా ఫలితం ఉండదు, కనుక మొక్కకే శక్తి ఉండాలి. రాజేంద్రనగర్ లోని వరి పరిశోధన సంస్థ, హైదరాబాద్ సీసీఎంబీ కలిసి ఈ తెగులును ఆపే మూడు జీన్లను సాంబలోకి తెచ్చాయి. వాటిలో ఒకటి మొదట ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. తేవడం మాత్రం సంకరణంతోనే. అయితే ఒక జీన్ వచ్చిన మొక్క, మూడూ వచ్చిన మొక్క కంటికి ఒక్కలాగే కనిపిస్తాయి. అందుకని చిన్న ఆకు ముక్క తీసి డీఎన్ఏ పరీక్ష చేసి, మూడూ ఉన్న మొక్కలనే ఉంచి, మిగతావి పీకేశారు. వాటిని మళ్లీ మళ్లీ సాంబతోనే కలిపారు, గింజ సన్నదనం పోకూడదు కదా. అలా 2008లో మెరుగైన సాంబ మసూరి విడుదలైంది. ఏరే పని మన తాతలదే, చూపు మాత్రం ప్రయోగశాలది.

మూడోది జీన్ ఎడిటింగ్. బయటి నుంచి జీన్ తెచ్చి పెట్టకుండా, మొక్కలో ఉన్న జీన్ నే ఒకచోట కత్తిరించి సరిచేస్తారు. సాంబలో వెన్నుకు గింజలు పెరగకుండా అడ్డుపడే జీన్ ను ఇలా సరిచేసి, రాజేంద్రనగర్ సంస్థ తయారు చేసిన ‘కమల’ను కేంద్రం 2025 మే నెలలో ప్రకటించింది. సాంబ కంటే 15 నుంచి 20 రోజులు ముందు కోతకు వస్తుందని చెప్పారు. మన కాటన్ దొర సన్నాలును ఇదే పద్ధతిలో సరిచేసి ఢిల్లీ సంస్థ ఇంకో రకం చేసింది. ఏ కొత్త రకమైనా బ్రీడరు విత్తనం, ఫౌండేషన్, సర్టిఫైడ్ అని మెట్లు దిగి రావాలి. పేరు పేపర్లో పడగానే ‘కమల వడ్లు’ అని ఎవరైనా లూజుగా అమ్మవస్తే పరిశోధన కేంద్రంలో అడగకుండా కొనకండి.

ఇదే కత్తెరతో మనుషులకు వైద్యం కూడా మొదలైంది. మన ఏజెన్సీ గిరిజనుల్లో కనిపించే సికిల్ సెల్ రక్తహీనతకు అలాంటి చికిత్సను 2023లో బ్రిటన్, అమెరికా అనుమతించాయి. రోగి ఎముక మజ్జలోని కణాలను బయటికి తీసి, సరిచేసి, తిరిగి ఎక్కిస్తారు. ఖర్చు మాత్రం మనబోటి వాళ్లు ఊహించలేనిది. ఒక తేడా గుర్తుంచుకోండి: ఆ మార్పు రోగి వరకే, పిల్లలకు పోదు. విత్తనంలో చేసిన మార్పు తరతరాలకూ పోతుంది.

సాంబ, మెరుగైన సాంబ లాంటి వరి రకాల గింజ దాచుకోవచ్చు. వరి తన పుప్పొడితో తానే గింజ కడుతుంది కనుక రకం చెడదు. 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం కూడా విత్తనం దాచుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కు మనకు ఇచ్చింది. కాకపోతే పూత దశలో ఒకసారి, కోతకు ముందు ఒకసారి చేలో తిరిగి కేళీలు పీకేయాలి. విత్తనానికి చేను నడిమధ్య కొంత మేర చేత్తో కోయించండి. కోత మిషను పెడితే దాని కడుపులో పక్క ఊరి వడ్లు మిగిలి ఉంటాయి, కల్తీ సగం అక్కడే. తేమ 13 శాతానికి మించకుండా ఎండబెట్టాలి. మూడేళ్లకోసారి కొత్త విత్తనం తెచ్చుకోవడం మేలు.

పత్తి సంగతి వేరు. ప్రపంచంలోనే మొదటి వాణిజ్య పత్తి హైబ్రిడ్ హెచ్-4ను 1970లో గుజరాత్ లోని సూరత్ లో తీశారు. నంద్యాల, గద్వాల వైపు విత్తన పత్తి చేలల్లో కూలీలు చేసే ‘క్రాసింగ్’ పనే హైబ్రిడ్. సాయంత్రం ఆడ మొగ్గలో కేసరాలు గిల్లి, పొద్దున్నే మగ పువ్వు పుప్పొడి అద్దుతారు. ఆ గింజ మొదటి ఏడాది బాగా కాస్తుంది. దాని గింజ మళ్లీ వేస్తే చేను గుణాలు చీలి ఒక మొక్క పొడుగు, ఒకటి పొట్టి అవుతుంది.

బిటి దాని మీద ఇంకో మెట్టు. మట్టిలో ఉండే ఒక బాక్టీరియా జీన్ ను పత్తిలో పెట్టారు. కలపడం వల్ల వచ్చేది కాదిది, జీన్ ఇంజనీరింగ్ అంటే ఇదే. మన దేశంలో 2002లో అనుమతించారు, రెండు జీన్ల బీజీ-2 2006లో వచ్చింది. ఇది కాయతొలుచు పురుగుల కోసమే. పచ్చదోమ, తెల్లదోమలకు పనిచేయదు.

హైబ్రిడ్ లో బిటి జీన్ సాధారణంగా ఒక తల్లి వైపు నుంచో తండ్రి వైపు నుంచో వస్తుంది. అందుకని జీన్ ఒక్కటే అనుకుంటే, ఆ చెట్టు కాయలో నాలుగు గింజలకు ఒక దాంట్లో అది ఉండదు. బఠానీ పాఠంలోని 3:1 లెక్క ఇదే. ఇంట్లో గింజ వేస్తే ఆ నాలుగో మొక్క పురుగు పాలు. గులాబీ రంగు పురుగుకు ఆ గింజలే మేత, అలవాటు పడటానికి అదీ ఒక కారణం. సంచితో వేరుగా ఇచ్చిన నాన్ బిటి పొట్లాన్ని చాలామంది గట్టు మీద పారేశారు, పంటను వేసవి దాకా ఉంచారు. గుజరాత్ లో 2010 నాటికి మొదటి బిటికి, ఆ తర్వాత అయిదేళ్లలో బీజీ-2కూ పురుగు లొంగడం మానేసింది. ఇప్పుడు నాన్ బిటి గింజలు సంచిలోనే కలిపి ఇస్తున్నారు. మీరు చేయాల్సింది లింగాకర్షక బుట్టలు పెట్టడం. బుట్టకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రోజులు పడితే మందు కొట్టే సమయం. గుడ్డి పూలు ఏరి కాల్చాలి. జనవరి లోపు మోళ్లు తీసేయాలి.

‘గడ్డిమందు కొట్టినా చావని పత్తి’ అని బిల్లు లేకుండా అమ్మే సంచి ఇంకొకటి ఉంది. గ్లైఫోసేట్ తట్టుకునే ఆ జీన్ పత్తికి మన దేశంలో అనుమతి లేదు. మొలవకపోయినా, కాయకపోయినా అడగడానికి చేతిలో కాగితం ఉండదు. దానిపై కొట్టిన మందు గాలికి పక్కనున్న కంది, పెసరను మాడ్చేస్తుంది. మంచి విత్తనం కొన్నా సరే, బిల్లు, ఖాళీ సంచి, గుప్పెడు గింజలు పత్తి తీసేదాకా ఇంట్లో ఉంచండి.